"ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి

ఇంటర్వ్యూ బాగానే సాగుతూ ఉంటుంది. చదువు గురించి అడిగారు, చెప్పారు. చేసిన పని గురించి అడిగారు, ఇంకా బాగా చెప్పారు. అప్పుడు ఎదురుగా ఉన్న మనిషి మీ రెజ్యూమె పక్కన పెట్టి, "సరే, ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అంటారు. అప్పటిదాకా గడగడా మాట్లాడినవాళ్లు కూడా అక్కడికి వచ్చేసరికి నీళ్లు నములుతారు. లేదంటే ఎక్కడో చదివి బట్టీ పట్టిన రెండు వాక్యాలు అప్పజెబుతారు.

నేను ఈ ప్రశ్నకు జవాబు చెప్పే కుర్చీలోనూ కూర్చున్నాను, అడిగే కుర్చీలోనూ కూర్చున్నాను. రెండు వైపులా చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: ఈ ప్రశ్న మిమ్మల్ని జోస్యం చెప్పమనడం లేదు. మీరు ఏ వైపు వెళ్తున్నారు, ఆ దారిలో ఈ ఉద్యోగం నిజంగా తగులుతుందా అని అడుగుతోంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే జవాబు తయారు చేసుకోవడం చాలా తేలికవుతుంది. ఎలాగో ఒక్కో మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: వాళ్ల భయమేంటో తెలుసుకోండి

ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవడం కంపెనీకి చిన్న పని కాదు. ప్రకటన ఇవ్వాలి, వచ్చిన రెజ్యూమెలు వడపోయాలి, నలుగురైదుగురు తమ పని మానుకుని ఇంటర్వ్యూలు చేయాలి. చేరాక పని నేర్పాలి. కొత్తగా వచ్చినవాళ్లు సొంతంగా పని అందుకోవడానికి నెలలు పడుతుంది. అంతా అయ్యాక ఆరో నెలలో ఆ మనిషి రాజీనామా ఇస్తే మళ్లీ మొదటికి రావాలి. ఆ ఖాళీలో పడే పనంతా టీమ్‌లో మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. ఐదేళ్ల ప్రశ్న ఈ భయంలోంచే పుట్టింది.

అయితే అడిగే మనిషిని బట్టి ఆ భయం కొంచెం మారుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే, "ఈయన ఉంటారా, త్వరలోనే వెళ్లిపోతారా" అని వింటారు. రేపు మీకు పని చెప్పబోయే మేనేజర్ అడిగితే, "ఈ పనే ఇష్టమా, లేక ఇంకో పనికి దీన్ని మెట్టుగా వాడుకుంటున్నారా" అని వింటారు. చిన్న సంస్థ పెట్టుకున్న యజమాని అడిగితే, "మా దగ్గర పెద్ద పదవులు లేవు, అది తెలిసే వచ్చారా" అని వింటారు. మాటలు ఒకటే, చెవులు వేరు. ఎదుట కూర్చున్నది ఎవరో ముందే తెలిస్తే మీ జవాబులో దేని మీద నొక్కి చెప్పాలో తెలుస్తుంది.

భవిష్యత్తు కచ్చితంగా తెలియదని సిగ్గుపడకండి. అది ఎవరికీ తెలియదు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 18 నుంచి 68 ఏళ్ల మధ్య ఉన్న 19 వేల మందికి పైగా పాల్గొన్నారు. గత పదేళ్లలో తాము చాలా మారామని అన్ని వయసులవాళ్లూ చెప్పారు, రాబోయే పదేళ్లలో మాత్రం పెద్దగా మారబోమనుకున్నారు. అంటే రేపటి మనల్ని ఊహించడంలో అందరం తప్పులో కాలేస్తాం. మిమ్మల్ని ప్రశ్న అడుగుతున్న మనిషి కూడా ఐదేళ్ల కిందట తాను ఇక్కడ ఉంటానని అనుకుని ఉండకపోవచ్చు. కాబట్టి మీరు హోదా, సంవత్సరం, తేదీ లెక్కగట్టి చెప్పనక్కర్లేదు. దిశ చెబితే చాలు.

రెండో మెట్టు: ముందు మీకు మీరు జవాబు చెప్పుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా జవాబు రాసుకోవడం మొదలుపెడతారు చాలామంది. జవాబులు డొల్లగా వినిపించడానికి అసలు కారణం ఇదే. లోపల ఏమీ లేకుండా పైపైన ఎంత మెరుగు పెట్టినా రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇది నాకు అనుభవంలోకి వచ్చిన సంగతి. ఉద్యోగం కోసం తిరుగుతున్న తొలి రోజుల్లో ఒక ఇంటర్వ్యూలో, "ఐదేళ్లలో మేనేజర్ అవుతాను" అన్నాను. ఎదుటి పెద్దావిడ చాలా మామూలుగా, "మంచిది. మేనేజర్ రోజంతా ఏం పని చేస్తారో చెప్పండి" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. నాకు కావలసింది ఆ పేరు, ఆ పేరు వెనకున్న పని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆవిడ నన్ను తక్కువ చేసి మాట్లాడలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఆ రోజు నుంచి నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట: హోదా పేరు పక్కన పెట్టి, ఏం పని చేస్తూ ఉండాలనుకుంటున్నారో ఆలోచించండి.

ఒక కాగితం తీసుకోండి. అరగంట కేటాయించండి. గత రెండేళ్లలో (చదువులో ఉంటే చదువులో, ఉద్యోగంలో ఉంటే ఉద్యోగంలో) టైమ్ తెలియకుండా చేసిన పనులు ఓ నాలుగైదు రాయండి. ఎవరూ చెప్పకపోయినా ముందుకొచ్చి చేసినవి రాయండి. తర్వాత, రేపు చేద్దాం ఎల్లుండి చేద్దాం అని వాయిదా వేసిన పనులు రాయండి. ఇక్కడ అబద్ధం ఆడకండి, ఈ కాగితం మీరు తప్ప ఎవరూ చూడరు. ఆఖరున, మీ రంగంలో మీకంటే ముందున్నవాళ్లలో ఎవరి రోజువారీ పని చూస్తే "ఇది నేను చేయాలి" అనిపిస్తుందో రాయండి. వాళ్ల జీతమో కారో చూసి కాదు, పని చూసి.

ఆ కాగితాన్ని ఎలా చదవాలో తెలియకపోతే, ఎంఐటీలో పనిచేసిన ఎడ్గార్ షైన్ అనే ఆచార్యుడు 1970లలో మొదలుపెట్టిన ఆలోచన ఒకటి పనికొస్తుంది. ఓడకు లంగరులా మనిషి వృత్తి జీవితానికీ ఒక లంగరు ఉంటుందని, ఎన్ని ఉద్యోగాలు మారినా దాన్ని మాత్రం వదులుకోవడానికి ఇష్టపడరని ఆయన అన్నారు. చివరికి అలాంటివి ఎనిమిది లెక్కించారు: ఒక నైపుణ్యంలో నిపుణులు కావడం, మనుషుల్నీ పనుల్నీ నడిపించడం, స్వేచ్ఛగా పనిచేసుకోవడం, స్థిరత్వం, కొత్తగా ఏదైనా నిర్మించడం, సేవ, కష్టమైన సవాళ్లు, ఇంటికీ పనికీ సరిపడే జీవితం. వీటిలో మీరు ఏది వదులుకోలేరో చూసుకోండి. ఒకరికి స్థిరత్వం ముఖ్యమైతే అది తక్కువతనం కాదు. నైపుణ్యం ముఖ్యమైనవాళ్లు మేనేజర్ అవ్వాలని లేదని చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

ఈ అరగంట అయ్యేసరికి మీ దగ్గర ఒక్క వాక్యం ఉండాలి. "నేను ఫలానా పనిలో గట్టి మనిషిని కావాలి, ఎందుకంటే ఫలానా." ఆ ఎందుకంటే తర్వాత వచ్చేది మీ సొంతమైతే చాలు, వాక్యం అందంగా లేకపోయినా ఫరవాలేదు.

మూడో మెట్టు: ఈ ఉద్యోగం ఎటు తీసుకెళ్తుందో చూడండి

ఇప్పుడు ఉద్యోగ ప్రకటన మళ్లీ చదవండి. ఈసారి అర్హతల కోసం కాదు, పని కోసం. అందులో ఉన్న క్రియలకు గీత గీయండి: తయారు చేయాలి, సమన్వయం చేయాలి, పరీక్షించాలి, కస్టమర్లతో మాట్లాడాలి. మొదటి రోజు నుంచి మీరు చేయబోయేవి ఇవే. మీ ఒక్క వాక్యంతో వీటిలో ఏవి కలుస్తున్నాయో చూడండి. ఒక్కటి కూడా కలవకపోతే, ఈ ఉద్యోగం మీకు ఎందుకో ముందే ఆలోచించుకోవడం మంచిది.

తర్వాత, ఇదే పోస్టులో మూడు నాలుగేళ్ల కిందట చేరినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో వెతకండి. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు, పోస్టు పేరు కొట్టి చూస్తే చాలాసార్లు దొరుకుతుంది. ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే ఒక ఫోన్ చేసి అడగండి. ఉదాహరణకు మీది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టర్ పోస్టు అయితే, అక్కడి టెస్టర్లు మూడేళ్లకు ఆటోమేషన్ వైపు వెళ్తున్నారా, ప్రొడక్ట్ వైపు వెళ్తున్నారా, బయటికి వెళ్లిపోతున్నారా? ఆ దారి తెలిస్తే మీరు ఆ సంస్థలో నిజంగా సాధ్యమయ్యే సంగతే మాట్లాడతారు. మొత్తం ఆరుగురున్న ఆఫీసులో రీజనల్ హెడ్ అవుతానంటే నేల విడిచి సాము చేసినట్టు ఉంటుంది.

నాలుగో మెట్టు: జవాబు అల్లడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, అసలు పని ఇదే కాబట్టి.

అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు వెళ్లిన ఒకరి జవాబు ఇలా ఉందనుకోండి: "ఐదేళ్లలో ఒక మంచి కంపెనీలో, మంచి పొజిషన్‌లో, టీమ్‌ను లీడ్ చేస్తూ, కంపెనీ ఎదుగుదలకు తోడ్పడుతూ ఉండాలనుకుంటున్నాను."

వినడానికి తప్పేమీ లేదనిపిస్తుంది. ఒక్కో ముక్కా పట్టి చూడండి. "ఒక మంచి కంపెనీలో" అన్నారు, అంటే ఇది కాదా? "మంచి పొజిషన్" అంటే ఏది? "టీమ్‌ను లీడ్ చేస్తూ" అన్నారు, లెక్కల పనిలో ఎవరిని, దేని కోసం? "ఎదుగుదలకు తోడ్పడుతూ" అన్న మాటను నర్సు అన్నా, సేల్స్‌మన్ అన్నా, డ్రైవర్ అన్నా సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే జవాబులో మీరు కనిపించరు. రోజుకు ఎనిమిది మందిని ఇంటర్వ్యూ చేసే మనిషికి అందులో ఆరుగురు ఇదే చెబితే, సాయంత్రానికి ఎవరు ఏం అన్నారో గుర్తుండదు.

ఇప్పుడు అదే మనిషి, కాగితం మీద ఆలోచించుకుని వచ్చాక:

"నెలాఖరు క్లోజింగ్ మొత్తం నా చేతుల మీదుగా నడిపే స్థాయికి రావాలని నాకుంది. లెక్క ఎక్కడో తేడా వస్తే అది దొరికేదాకా వెతకడం నాకు ఇష్టం. మొదట్లో మీ దగ్గర బిల్లులు, ఎంట్రీలు, బ్యాంక్ రికన్సిలియేషన్ తప్పుల్లేకుండా చేయడం మీదే దృష్టి పెడతాను. ఆ తర్వాత ఆడిట్‌కు కావలసినవి సిద్ధం చేయడం నేర్చుకోవాలి. ఐదేళ్ల నాటికి ఆడిటర్లు ఏది అడిగినా మేనేజర్‌ను పిలవకుండా నేనే వివరించగలగాలి. ఇప్పుడున్న చోట బ్యాంక్ రికన్సిలియేషన్ ఏడాదిగా నేనే చేస్తున్నాను. మీ ప్రకటనలో నెలాఖరు పనిలో పాలుపంచుకోవాలని రాశారు, అది చూసే అప్లై చేశాను."

(నెలాఖరు క్లోజింగ్ అంటే ఆ నెల లెక్కలన్నీ తేల్చి ముగించడం, బ్యాంక్ రికన్సిలియేషన్ అంటే మన లెక్కనూ బ్యాంకు లెక్కనూ సరిపోల్చి చూడడం.) ఇందులో గొప్ప మాటలేమీ లేవు, హోదా పేరు ఒక్కటీ లేదు. అయినా ఈ మనిషి ఏ వైపు వెళ్తున్నాడో తెలుస్తోంది, ఎందుకో తెలుస్తోంది, ఇప్పటికే ఒక అడుగు వేశాడని తెలుస్తోంది, ఆ దారిలో ఈ ఉద్యోగం ఎక్కడ తగులుతుందో కూడా తెలుస్తోంది. మీ జవాబులో ఉండాల్సినవి ఈ నాలుగే: దిశ, దానికి కారణం, వేసిన అడుగు, ఈ ఉద్యోగంతో ముడి. వరుస ఎలా ఉన్నా ఫరవాలేదు. వీటిలో మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది వేసిన అడుగు. "డేటా అనలిస్ట్ కావాలనుంది" అనేవాళ్లు చాలామంది ఉంటారు. "డేటా అనలిస్ట్ కావాలనుంది, అందుకే మా ఆఫీసు హాజరు లెక్కలు తీసుకుని ఎస్‌క్యూఎల్‌తో (డేటాను వెతికి తీసే కంప్యూటర్ భాషతో) ఒక చిన్న రిపోర్టు చేశాను" అన్న మనిషి మాటే నమ్మాలనిపిస్తుంది. అడుగు చిన్నదైనా అది జరిగిన సంగతి. మీకు అలాంటి అడుగు ఇంకా లేకపోతే, ఇంటర్వ్యూకు రెండు వారాలే ఉన్నా సరే, ఇవాళే ఏదో ఒకటి మొదలుపెట్టండి.

దగ్గరి కాలం గురించి వివరంగా, దూరపు కాలం గురించి విశాలంగా మాట్లాడండి. మొదటి ఏడాది గురించి మీరు స్పష్టంగా చెప్పగలరు, ఎందుకంటే ప్రకటనలో పని రాసి ఉంది. మూడో ఏడాది కొంచెం మసకగా ఉంటుంది. ఐదో ఏడాదికి దిశ మాత్రమే. దీన్ని తలకిందులు చేసి, చేరబోయే పని గురించి ఒక్క మాట చెప్పకుండా ఐదో ఏడాది హోదా గురించి మాట్లాడేవాళ్లను చూస్తే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తొస్తుంది.

లక్ష్యాలు స్మార్ట్‌గా ఉండాలని, అంటే నిర్దిష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలని మీరు వినే ఉంటారు. 1981లో జార్జ్ డోరన్ ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన పద్ధతి అది. మీ నోట్‌బుక్‌లో ప్లాన్ వేసుకోవడానికి అది చాలా బాగుంటుంది. అదే పద్ధతిలో నోటితో చెబితే మాత్రం రిపోర్టు చదివినట్టు ఉంటుంది. కాగితం మీద గడువులు రాసుకోండి, గదిలో మనిషిలా మాట్లాడండి.

నిడివి ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అంతకు మించితే ఎదుటివాళ్ల చూపు కాగితం మీదికి పోతుంది.

మీ పరిస్థితి వేరుగా ఉంటే

అందరికీ పైన చెప్పిన అచ్చు సరిపోదు. కొన్ని పరిస్థితుల్లో జాగ్రత్త వేరు.

ఇదే మొదటి ఉద్యోగమైతే, "ఐదేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేను" అనడం తప్పు కాదు, అక్కడితో ఆపేయడం తప్పు. నేను ఒక ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు అప్పుడే చదువు ముగించిన ఒకమ్మాయి ఇలా అంది: "సర్, టెస్టింగ్‌లో ఎన్ని రకాలున్నాయో నాకు ఇంకా పూర్తిగా తెలియదు. మొదటి రెండేళ్లు అన్నీ చేసి చూడాలని ఉంది. కానీ ఒకటి తెలుసు. కాలేజీ ప్రాజెక్టులో అందరూ కోడ్ రాస్తుంటే అది ఎక్కడ పగులుతుందో వెతకడం నాకు నచ్చింది. ఆ వైపే వెళ్తాను." గదిలో ఉన్న ముగ్గురం తలెత్తి చూశాం. తర్వాత పది నిమిషాలు ఆ ప్రాజెక్టులో ఏం పగిలిందో, ఎలా కనిపెట్టిందో మాట్లాడుకున్నాం. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినదాన్ని గట్టిగా పట్టుకుంది కాబట్టే ఆ మాట నిలిచింది.

మేనేజర్ కావడం ఇష్టం లేకపోతే ఆ మాట ధైర్యంగా చెప్పండి. చాలా సంస్థల్లో ఇప్పుడు ఎదుగుదలకు రెండు నిచ్చెనలు ఉంటాయి. ఒకటి మనుషుల్ని నడిపించేది, రెండోది నైపుణ్యంలో పైకి తీసుకెళ్లేది. సాఫ్ట్‌వేర్‌లో సీనియర్ ఇంజినీర్ నుంచి స్టాఫ్ ఇంజినీర్, ప్రిన్సిపల్ ఇంజినీర్ అనే పై స్థాయిలకు వెళ్లినట్టు, నర్సింగ్‌లో వార్డు బాధ్యతలకు బదులు ఒక విభాగంలో స్పెషలిస్టు అయినట్టు. "క్లిష్టమైన కేసు వస్తే మా వార్డులో ముందు నన్ను పిలవాలి, కొత్తగా చేరినవాళ్లకు నేను నేర్పాలి" అంటే అది పూర్తి జవాబు. నేర్పుతాను అన్న మాట చేర్చడం మర్చిపోకండి. లేకపోతే ఒంటరిగా పనిచేసే మనిషని అనుకునే వీలుంది.

రంగం మారుతుంటే పాత పనికీ కొత్త పనికీ మధ్య దారం చూపించాలి. పదేళ్లు పాఠాలు చెప్పిన టీచర్ ట్రైనింగ్ విభాగానికి వస్తే, "అప్పుడూ ఇప్పుడూ నా పని ఒకటే, తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం" అనవచ్చు. పాత రంగం మీద ఫిర్యాదులు చెప్పవద్దు. ఎందుకు వదిలేశారన్నది కాదు, ఎటు వస్తున్నారన్నది చెప్పండి.

ఉద్యోగానికి కావలసినదానికంటే అనుభవం ఎక్కువ ఉంటే, వాళ్ల అనుమానం ఒక్కటే: ఇంకోటి దొరకగానే వెళ్లిపోతారేమోనని. దాన్ని వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే తీయండి. "నా అనుభవం చూస్తే ఇది చిన్న పోస్టనిపించవచ్చు. నాకు మాత్రం మళ్లీ నేరుగా కస్టమర్లతో పనిచేయాలని ఉంది, అందుకే ఇది ఎంచుకున్నాను" అంటే సగం అనుమానం తీరుతుంది. కొన్నాళ్లు ఉద్యోగానికి దూరంగా ఉండి తిరిగి వస్తున్నవాళ్లు విరామం గురించి ఒక వాక్యంలో చెప్పి, మిగిలిన సమయమంతా ముందుకు చూస్తూ మాట్లాడాలి.

ఇక పైచదువులు, సొంత వ్యాపారం. ఇక్కడ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "నిజం చెప్పాలా, దాచాలా?" అని. నా అభిప్రాయం ఇది. ఎప్పుడో ఒక రోజు సొంతంగా ఏదైనా పెట్టుకోవాలన్న కోరిక ఇంకా కోరికే అయితే, దాన్ని ఇంటర్వ్యూలో పరవాల్సిన అవసరం లేదు. అది ప్లాన్ కాదు. ఆ కోరిక వెనకున్న గుణాన్ని, అంటే ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా సొంతం చేసుకుని చేయాలన్న తపనను చెప్పండి. కానీ ఆరు నెలల్లో చదువుకు వెళ్లడం ఖాయమై, సీటు కూడా చేతిలో ఉంటే, ఐదేళ్లు ఉంటానని మాటివ్వకండి. ఆ మాట నమ్మి ఇంకో మనిషిని వద్దనుకుంటారు. ఉద్యోగం చేస్తూ చదివే కోర్సు అయితే దాచాల్సింది ఏమీ లేదు, అది ఈ పనికి ఎలా ఉపయోగమో చెప్పండి.

కొన్నిసార్లు ఐదేళ్ల ప్రశ్న పక్కదారి పట్టి పెళ్లి, పిల్లల దగ్గరికి వస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. ఉద్యోగానికి దానితో సంబంధం లేదు. చాలా దేశాల్లో ఆ కారణంతో ఉద్యోగం నిరాకరించడం చట్టరీత్యా వివక్ష. గొడవ పెట్టుకోవడం ఇష్టం లేకపోతే, "ఈ పనికి కావలసిన సమయం, ప్రయాణాలు నాకు తెలుసు, వాటికి సిద్ధపడే వచ్చాను" అని మాటను పని మీదికి తీసుకురండి. అయినా వదలకుండా గుచ్చి గుచ్చి అడిగితే, ఆ చోటి గురించి మీకు ఒక సంగతి తెలిసినట్టే. ఆఫర్ వస్తే ఒప్పుకునే ముందు అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఐదో మెట్టు: తర్వాతి ప్రశ్నకు సిద్ధపడండి

జవాబు బాగుంటే దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది. అది వచ్చిందంటే వాళ్లు నిజంగా విన్నారన్నమాట, టెన్షన్ పడకండి.

"రెండేళ్లలో ప్రమోషన్ రాకపోతే ఏం చేస్తారు?" అన్నది మామూలుగా వచ్చేది. "ఏమీ అనుకోను" అంటే నమ్మరు, "వెళ్లిపోతాను" అంటే భయపడతారు. మనసులో ఉన్నదే చెప్పండి: "ముందు మా మేనేజర్‌తో కూర్చుని నాలో ఏం తక్కువైందో అడుగుతాను. పేరు మారకపోయినా పని పెరుగుతూ ఉంటే నాకు ఇబ్బంది లేదు. పని కూడా ఒకే చోట ఆగిపోతే అప్పుడు ఆలోచిస్తాను." ఆ చివరి వాక్యం చెప్పడానికి చాలామంది జంకుతారు. నేను మాత్రం దాన్ని విన్నప్పుడే ముందు చెప్పినవి కూడా నమ్మాను.

"ఈ లక్ష్యం మీ పాత కంపెనీలో ఎందుకు కుదరలేదు?" అనేది ఇంకోటి. జరిగింది జరిగినట్టు, ఎవరినీ నిందించకుండా చెప్పండి. "అక్కడ ఆ విభాగమే లేదు", "టీమ్ చిన్నది, పై స్థానాల్లో ఇప్పటికే మనుషులు ఉన్నారు" లాంటివి సరిపోతాయి. పాత బాస్ గురించి ఒక్క చెడ్డ మాట అన్నా, రేపు తమ గురించి కూడా ఇలాగే అంటారని ఎదుటివాళ్లు లెక్కేసుకుంటారు.

"మా కంపెనీలో ఆ దారి లేకపోతే?" అని అడిగితే, మీరు మూడో మెట్టులో చేసిన వెతుకులాట అక్కరకొస్తుంది. "మీ దగ్గర ఇదే పోస్టులో చేరి తర్వాత ట్రైనింగ్ వైపు వెళ్లినవాళ్లున్నారని చూశాను. ఇప్పుడు ఆ అవకాశం ఎలా ఉందో మీరే చెప్పాలి" అని వాళ్లను మాట్లాడనివ్వండి.

ఆరో మెట్టు: నోటితో చెప్పి చూడండి

రాసుకున్నది మనసులో చదువుకుంటే ఎప్పుడూ బాగానే ఉంటుంది. నోటితో చెబితేనే ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది. మొత్తం జవాబును బట్టీ పట్టవద్దు. చిలక పలుకులు మొదటి వాక్యంలోనే దొరికిపోతాయి, మధ్యలో ఒక మాట మర్చిపోతే మిగతాదంతా జారిపోతుంది. నాలుగు మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి. పై అకౌంట్స్ ఉదాహరణలో అయితే: క్లోజింగ్, తేడా వెతకడం, రికన్సిలియేషన్, ప్రకటన. ఈ నాలుగింటి మీదుగా ప్రతిసారీ కొంచెం వేరే మాటలతో చెప్పండి.

ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. తన గొంతు తనకు నచ్చని వాళ్లే ఎక్కువ, అయినా వినండి. నిమిషంన్నర దాటుతోందా? "అంటే", "బేసికల్‌గా" ఎన్నిసార్లు వచ్చాయి? కారణం చెప్పే చోట గొంతు మారుతోందా? అక్కడ గొంతులో ఉత్సాహం లేకపోతే ఆ కారణం మీది కాదేమో, రెండో మెట్టుకు వెళ్లి మళ్లీ చూసుకోండి.

ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో ఉంటే ఇంకో మాట. ముందు తెలుగులో ఆలోచించి, ఎవరైనా స్నేహితుడికి తెలుగులో చెప్పండి. విషయం తేటపడ్డాక, చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లో చెప్పండి. మీరు మామూలుగా వాడని పెద్ద పదాలు పెట్టుకోవద్దు. చిన్న వాక్యం తప్పుల్లేకుండా వస్తే వినేవాళ్లకు భాష అడ్డు రాదు.

గదిలో

ప్రశ్న వినగానే మొదలుపెట్టకండి. రెండు క్షణాలు ఆగండి. ఎదుటివాళ్లకు అది ఆలోచనలా కనిపిస్తుంది, మీకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. ఒకవేళ అంతా మర్చిపోయి మెదడు ఖాళీ అయిపోతే, మీకు ఇష్టమైన పని దగ్గర మొదలుపెట్టండి: "నాకు ఈ పనిలో బాగా నచ్చేది ఫలానా. వచ్చే ఏళ్లలో అదే ఇంకా లోతుగా చేయాలనుంది." ఈ రెండు వాక్యాలు వస్తే మిగతావి వాటి వెనకే వస్తాయి.

"మీ కుర్చీలో ఉంటాను" అన్న మాట మాత్రం వద్దు. చమత్కారమనుకుని అంటారు, వినేవాళ్లు దాన్ని చాలాసార్లు విని ఉంటారు. "కంపెనీ ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటాను" అన్నదీ వద్దు, అది వినయంలా అనిపించినా మీకంటూ ఏ కోరికా లేదన్నట్టు ఉంటుంది.

ఆఖరున "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఈ సంగతికే తిరిగి రండి. "ఈ పోస్టులో బాగా పనిచేసినవాళ్లు రెండు మూడేళ్లకు మీ దగ్గర ఏ పనిలోకి వెళ్లారు?" అని అడగండి. మీ జవాబు నిజమని దాంతో వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు ఒకరిద్దరి ఉదాహరణలు వెంటనే చెప్పగలిగితే ఆ దారి ఉన్నట్టు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే అది కూడా సమాధానమే. బయటికి రాగానే, మర్చిపోకముందే, వాళ్లు చెప్పింది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆఫర్ వచ్చిన రోజు, మీ ఒక్క వాక్యం రాసుకున్న కాగితం పక్కన పెట్టి అది చదవండి.